కిటికీలు తెరిచిన మేడం

ఈమధ్య విశాఖ నుంచి వస్తూంటే రైల్లో నా ఎదుటి సీట్లో ఒక కొత్త కోడలు కూర్చుంది. చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. కాసేపటికి ఆమె ఊపిరి బరువెక్కడం నాకు వినబడింది. ఆ చప్పుడు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, ఎంత సందడిలో ఉన్నా గుర్తుపడతాను. ఆమె పక్కనున్న అత్తగారి వైపు ఒకసారి చూసి, చేతిసంచీ తీసుకుని, మెల్లగా బాత్రూం వైపు నడిచింది. తిరిగి వచ్చేసరికి ఊపిరి తేలికపడింది. లోపల తలుపు వేసుకుని ఏం చేసిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఒకప్పుడు నేనూ ఉబ్బసానికి పంపు, అంటే ఇన్‌హేలర్, అలాగే దాక్కుని పీల్చుకునేదాన్ని.

అప్పుడు గుర్తొచ్చారు మా బయాలజీ మేడం. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఉండి ఉంటే ఆ పెట్టెలో అందరికీ వినబడేలా అడిగి ఉండేవారు. "ఏటమ్మా, పంపు పీల్చుకోడానికి అంత దూరం వెళ్లాలా? కళ్లజోడు పెట్టుకోవాలన్నా అక్కడికే వెళ్తావా?"

ఛత్తీస్‌గఢ్ కొత్తగా రాష్ట్రమైన రోజుల్లో నేను బిలాస్‌పూర్‌లో రైల్వే కాలనీ పక్కనున్న ఒక బడిలో చిన్న తరగతులకి టీచరుగా చేరాను. మేడం పెద్ద తరగతులకి బయాలజీ చెప్పేవారు. ఆవిడ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డారట. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ నూలుచీరలో ఉండేవారు. మాటని ముక్కలు చేసి మాట్లాడేవారు. ఒక ముక్క, ఒక ఊపిరి, మళ్లీ ఒక ముక్క. పిల్లలు వెనక నిలబడి ఆవిణ్ని అనుకరించేవారు. ఆవిడ వెనక్కి తిరిగి, "అలాక్కాదు, ఊపిరి మధ్యలో ఆపాలి. చూడు," అని సరిగ్గా ఎలా అనుకరించాలో నేర్పేవారు. దాంతో వాళ్లకి సరదా పోయేది.

పాఠం చెబుతూ చెబుతూ బల్ల మీద సుద్దముక్క పక్కనున్న పంపు తీసి పీల్చుకునేవారు. తర్వాత వరండా చివర కుళాయి దగ్గరకి వెళ్లి, ప్రిన్సిపాల్ గదిలోకి వినబడేటంత గట్టిగా నోరు పుక్కిలించేవారు. ఎవరైనా పిల్లాడు నోరు తెరిచి చూస్తూంటే, "మందు ఊపిరితిత్తుల్లోకి పోవాలి, నోట్లో ఉండిపోకూడదు. అందుకు," అని చెప్పి మళ్లీ పాఠంలోకి వెళ్లిపోయేవారు.

ఎవరింటికి వెళ్లినా ముందు గుమ్మంలో నిలబడి గాలి పీల్చేవారు. కుశలప్రశ్నలు తర్వాత. "పొగ ఎటునుంచి వస్తన్నాది?" ఇదే మొదటి మాట. కూర్చోకముందే కిటికీలు తెరిచేసేవారు. దోమల చుట్ట కనబడితే ఇంటివాళ్లని అడక్కుండానే ఆర్పేసేవారు. రైల్వే కాలనీని ఆనుకున్న తార్‌బహార్ వాడలో అప్పటికి ఇంకా కొన్ని ఇళ్ల ముందు సాయంత్రాలు బొగ్గు కుంపట్లు రాజేసేవారు. పసిపిల్ల పడుకున్న అరుగు పక్కన కుంపటి కనబడితే చాలు, చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, కుంపటి చెవులు గుడ్డతో పట్టుకుని, తనే వీధిలోకి జరిపేవారు. ఆ ఇంటావిడ హిందీలో అరిచేది. మేడం హిందీలోనే, ఊపిరి ఊపిరికీ ఆగుతూ, చివరిదాకా జవాబు చెప్పేవారు. వాడలో కొంతమంది ఆవిడ వస్తున్నారంటే ముందే అగరొత్తులు ఆర్పేవారు. కొంతమంది తలుపులే మూసేసేవారు.

మరొక అలవాటుండేది. ఏ సంగతి వివరించినా చివర్లో అరచెయ్యి ముందుకు చాచి, "అంతవరకే తెలుసు. మిగతాది ఇంకా చూస్తన్నారు," అనేవారు. క్లాసులో అదే మాట హిందీలో అనేవారు. ఒక కుర్రాడు పరీక్షలో రెండు ముక్కలు రాసి, కింద ఆ మాటే రాశాడట. మేడం ఆ కాగితం స్టాఫ్ రూములో మా అందరికీ చూపించి కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. మార్కులు మాత్రం వెయ్యలేదు. "తెలిసినంతవరకూ చెప్పాకే కదా ఆ మాట అనే హక్కు," అన్నారు.

నా సంగతి ఆవిడకి ఎలా తెలిసిందో చెబుతాను. ఒక వాన రోజున మెట్లెక్కి వచ్చాక నాకు ఊపిరాడలేదు. మేడ మీద పాత బల్లలు పడేసిన గది ఉండేది. అందులోకి దూరి తలుపు దగ్గరగా వేసి, పంపు నోట్లో పెట్టుకున్నాను. తలుపు తెరుచుకుంది. ఎదురుగా మేడం.

"అచ్ఛా," అన్నారు. "ఎన్నాళ్లయింది?"

"చిన్నప్పట్నుంచీ, మేడం."

"దుమ్ముంటే వస్తాది కదా మనకి. దుమ్ము గదిలో దాక్కుని మందు పీల్చుకుంటన్నావా?"

నాకు సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని స్టాఫ్ రూముకి తీసుకెళ్లి, కిటికీ పక్కన తన కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ రోజు నుంచి నా పంపు కూడా బల్ల మీద, ఆవిడ పంపు పక్కనే ఉండేది.

అప్పటికి నాకు పెళ్లయి కొన్నేళ్లయింది. మా ఆయనది రైల్వేలో సిగ్నల్ డిపార్టుమెంటు. మా నాన్న రిటైరైన రైలు డ్రైవరు. అమ్మ పోయాక మా దగ్గరే ఉండేవాడు. పిల్లలు వద్దని నేను ముందే గట్టిగా అనుకున్నాను. మా అమ్మమ్మకి ఉబ్బసం, మా పెద్దమ్మకి ఉబ్బసం, నాకూ ఉబ్బసం. చిన్నప్పుడు నాకు ఆయాసం వచ్చినప్పుడల్లా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ, "వంశంలో ఉంది, ఏం చేస్తాం," అనేవారు. మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని, కిటికీలోంచి ఆడుకునే పిల్లల్ని చూడడమే నా బాల్యం. అది ఇంకో ప్రాణికి ఇవ్వడం నాకిష్టం లేకపోయింది. మా ఆయన పట్టుబట్టలేదు. కానీ ఎవరింట్లోనైనా పసిపిల్లల్ని ఎత్తుకున్నప్పుడు ఆయన మొహం చూడకుండా తల తిప్పుకునేదాన్ని.

ఒక ఆదివారం మేడం ఇంటికి వెళ్లాను. తార్‌బహార్‌లో ఒక మేడ మీద రెండు గదుల్లో ఒక్కరే ఉండేవారు. ఆదివారాలు వాడలోని తెలుగువాళ్ల పిల్లల్ని కూర్చోబెట్టుకుని తెలుగు రాయడం నేర్పేవారు. ఇళ్లల్లో తెలుగు మాట్లాడినా ఆ పిల్లలకి హిందీ తప్ప చదవడం వచ్చేది కాదు. నేను వెళ్లేసరికి పిల్లలు వెళ్లిపోయారు. పలక ఒకటి చాప మీద ఉండిపోయింది. మాటల్లో మాటగా నా నిర్ణయం చెప్పేశాను. మెచ్చుకుంటారనే అనుకున్నాను.

ఆవిడ మెచ్చుకోలేదు. తన కథ చెప్పారు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆవిడకి ఒక సంబంధం కుదిరిందట. అబ్బాయి విజయనగరంలో లెక్చరరు. ఆవిడ జబ్బు సంగతి ఆయనకి తెలుసు, అభ్యంతరం లేదన్నాడు. ఈలోగా బంధువుల్లో ఒక పెద్దాయన, వైద్యం తెలిసినవాడు, ఈవిణ్ని పిలిచి, "నీ రక్తంలో ఉంది తల్లీ, పుట్టే ప్రతి బిడ్డకీ వస్తుంది," అన్నాడట.

"నమ్మీసాను," అన్నారు మేడం. "నేనే వద్దని ఉత్తరం రాశాను. ఆయన ఏడాది చూశాడు. తర్వాత వేరే పెళ్లి చేసుకున్నాడు. నేను సైన్సు చదివినదాన్ని. ఆ పెద్దాయన్ని, మీకెలా తెలుసు అని ఒక్క ప్రశ్న అడగలేదు."

తర్వాత పలక ఒళ్లోకి తీసుకుని ప, ల అని రెండక్షరాలు రాశారు. పక్కన దీర్ఘమూ కొమ్మూ పెట్టి "పాలు" అని రాశారు. దాని కింద కొమ్మూ గుడీ పెట్టి "పులి" అని రాశారు.

"అక్షరాలు అవే రెండు. పెట్టిన గుర్తుల్ని బట్టి ఒకటి పాలు, ఒకటి పులి. అమ్మానాన్నల నుంచి వచ్చే జన్యువులు ఆ అక్షరాల్లాంటివి. అవి మారవు. కానీ వాటి మీద గుర్తులు పడతాయి. దేన్ని గట్టిగా చదవాలి, దేన్ని చదవకుండా వదిలీయాలి అని ఒళ్లు ఆ గుర్తుల్ని చూసి తెలుసుకుంటాది. కడుపులో ఉన్నప్పుడు తల్లి పీల్చే పొగ, పుట్టాక తగిలే గాలి, తినే తిండి, ఇవన్నీ ఆ గుర్తుల్ని మారుస్తాయంటన్నారు. కొన్ని చెరిగిపోతాయి కూడా. దీన్ని ఎపిజెనెటిక్స్ అంటారు. నేను చదువుకున్నప్పుడు ఈ పాఠమే లేదు."

"అయితే పొగ తగలకుండా చూసుకుంటే నా బిడ్డకి రాదా, మేడం?"

"అలాగని ఎవరన్నారు? రావొచ్చు, రాకపోవచ్చు. రక్తంలో ఉన్నాది కాబట్టి తప్పదు అన్న మాట మాత్రం తప్పు. అంతవరకే తెలుసు." కొంచెం ఊపిరి తీసుకున్నారు. "పిల్లలు వద్దనుకుంటే వద్దనుకో. నీ ఇష్టం. కానీ ఈ కారణంతో వద్దనుకోకు. ఇది కారణం కాదు."

నేను ఇంటికి వచ్చి మా ఆయనకి ఆ మాటలన్నీ చెప్పాను. ఆయన కంచంలో చెయ్యి పెట్టుకుని అలాగే విన్నాడు. అన్నం చల్లారిపోయింది.

మరుసటి ఏడాదికి నాకు నెల తప్పింది. తెలిసిన రోజే భయపడి పంపు మానేశాను. మందు కడుపులో బిడ్డకి ఏమవుతుందోనని. బల్ల మీద నా పంపు కనబడకపోయేసరికి మేడంకి అర్థమైపోయింది. బడి వదలగానే నన్ను రిక్షా ఎక్కించి డాక్టరు దగ్గరకి తీసుకెళ్లారు. "నా మాట వద్దు, ఈవిడ మాట విను," అన్నారు. పంపు మానకూడదని, నాకు ఊపిరందకపోతే బిడ్డకీ అందదని డాక్టరు నిదానంగా చెప్పింది. తిరిగి వచ్చేటప్పుడు మేడం నా సంచీలో వెతికారు. రిక్షాలోనే పంపు బయటికి తీసి నా చేతిలో పెట్టారు.

ఆ తర్వాత మా ఇంటికి వచ్చారు. గుమ్మంలో గాలి పీల్చి, "బీడీ," అన్నారు. మా నాన్న వరండాలో లేచి నిలబడ్డాడు. ఆయనకి ఆవిడంటే గౌరవం. ఆవిడ కూర్చుని పొగ గురించి, గుర్తుల గురించి, పుట్టబోయే బిడ్డ గురించి అంతా చెప్పారు. నాన్న శ్రద్ధగా విని అడిగాడు.

"ఇంజను పొగ కూడానా, మేడంగారూ?"

నాన్న మొదట్లో బొగ్గు ఇంజన్ల మీద ఫైర్‌మేన్. ఏళ్ల తరబడి పొయ్యిలోకి బొగ్గు ఎత్తి పోశాడు. మేడంకి అది తెలుసు. అయినా అబద్ధం చెప్పడం ఆవిడకి చేతకాదు.

"మగవాళ్లు పీల్చింది బిడ్డల దాకా వెళ్తాదా అన్నది ఇంకా సరిగ్గా తేలలేదు. ఉండొచ్చు అంటన్నారు."

మర్నాడు మేము బడికీ డ్యూటీకీ వెళ్లి తిరిగి వచ్చేసరికి నాన్న మంచం ఖాళీగా ఉంది. బట్టల సంచీ లేదు. పట్టాలకి అవతల, పాత స్నేహితుడి క్వార్టరులో ఉన్నాడని, బిడ్డ పుట్టి గట్టిపడేదాకా రానని పక్కింటి వాళ్లతో చెప్పి వెళ్లాడు. మా ఆయన వెళ్లి పిలిచినా రాలేదు.

నేను ఏడుస్తూ మేడం దగ్గరకి వెళ్లాను. "మీ మాటల వల్లే మా నాన్న ఇల్లు వదిలేశాడు," అన్నాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"చెప్పింది తప్పు కాదు," అన్నారు నెమ్మదిగా. "చెప్పిన తీరు తప్పు. పద."

ఆ సాయంత్రం ఇద్దరం స్టేషన్ పక్కనున్న పాదచారుల వంతెన ఎక్కాం. నేను కడుపుతో ఉన్నాను, ఆవిడకి చలిగాలి పడదు. మెట్ల మీద ఇద్దరం ఆగి ఆగి ఎక్కుతుంటే వెనకవాళ్లు విసుక్కున్నారు. "ఊపిరి కోసం ఆగాం, భాయ్. మీరు వెళ్లండి," అని మేడం దారి ఇచ్చారు. కింద బొగ్గు వ్యాగన్ల బండి ఒకటి తోక కనబడనంత పొడుగ్గా కదులుతోంది.

నాన్న స్నేహితుడి క్వార్టరు పెరట్లో కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు.

"ఆ మెట్లన్నీ ఎక్కి ఎందుకొచ్చినారు, మేడంగారూ?"

"మీరు దిగి రాలేదు కాబట్టి."

నాన్న నా వైపు చూడలేదు. చేతులు చూసుకుంటూ మాట్లాడాడు. "నా ఒంట్లో బొగ్గున్నాది. ఫైర్‌మేన్‌గా సేసినన్నాళ్లూ ఉమ్మితే నల్లగా పడీది. ఆ బట్టల్తోటే ఇంటికొచ్చీసి దీన్ని ఎత్తుకునీవోణ్ని. దీనికీ రోగం నానే అంటించినాను. ఇంకా పుట్టని దానిక్కూడా అంటించమంటారేటి?"

మేడం పెరటి గట్టు మీద కూర్చున్నారు. ఊపిరి సర్దుకునేదాకా మేమంతా ఆగాం.

"డ్రైవర్ గారూ, నేను పొగ సంగతి చెప్పాను. తప్పు మీదని చెప్పానా?"

"రెండూ ఒకటే గదా."

"ఒకటి కాదు. ఆ బొగ్గు మీరు సరదాకి పీల్చారా? అందరూ ఎక్కిన బళ్లవి. నేనూ ఎక్కాను. మా అమ్మ అస్థికలు కలపడానికి వెళ్లిన బండి కూడా బొగ్గుదే. ఎవరు నడిపారో నాకు తెలీదు." ఆగారు. "బీడీ మానండి. అది మీ చేతిలో పని. జరిగిపోయింది మీ చేతిలో లేదు."

నాన్న తల ఊపాడు కానీ కదల్లేదు.

"ఇంకో మాట. పొగ ఒక్కటే గుర్తులు పెడతాదా? దగ్గరకి తీసుకుంటే కూడా పడతాయి. ఎలుకల్లో చూశారు. తల్లి బాగా నాకి పెంచిన పిల్లలు బెదురు లేకుండా పెరిగాయట. ఆ గుర్తులు కూడా కనిపెట్టారు."

"ఎలకల్లోనా?" అన్నాడు నాన్న. మొహంలో చిన్న నవ్వు కదిలింది.

"ఎలుకల్లో. మనుషుల్లో ఇంకా చూస్తన్నారు. అంతవరకే తెలుసు."

"నాకంత సాలు," అన్నాడు నాన్న. లోపలికి వెళ్లి సంచీ తెచ్చుకున్నాడు. ముగ్గురం కలిసి అదే వంతెన మీదుగా తిరిగి వచ్చాం. ఈసారి ముగ్గురం ఆగాల్సి వచ్చింది.

బీడీ ఒక్కరోజులో మానలేదు. నోట్లో సోంపు వేసుకుని, చిరాకు పడి, రెండు మూడుసార్లు వాడ చివరికి వెళ్లి కాల్చి వచ్చి, మేడం ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. ఆవిడ చూడనట్టు దాటిపోయేవారు. పాప పుట్టాక మాత్రం పూర్తిగా మానేశాడు. అయినా నమ్మకం చాలక, ఎత్తుకునే ముందు ప్రతిసారీ స్నానం చేసి చొక్కా మార్చుకునేవాడు. మేడం పాపని మొదటిసారి చేతుల్లోకి తీసుకుని, మెల్లగా వీపుకి చెవి ఆనించి చాలాసేపు విన్నారు. "ఇప్పటికి బాగున్నాది," అని నాకు తిరిగి ఇచ్చేశారు. కిటికీ దగ్గరకి వెళ్లి అటు తిరిగి నిలబడ్డారు. ఆవిడ అలా నిలబడిపోవడం నేను అదొక్కసారే చూశాను.

మూడో ఏట చలికాలంలో పాపకి జలుబు చేసింది. ఉదయం పాలు తాగుతూ ఉండగా దాని ఊపిరిలో ఆ చప్పుడు వినబడింది. నాన్నా నేనూ పాపని ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి నుంచి పాపని నాన్నతో ఇంటికి పంపి, నేను సరాసరి మేడం ఇంటికి వెళ్లి మెట్ల మీదే కూలబడ్డాను.

"రాదన్నారు," అన్నాను.

"అనలేదు. నీకు తెలుసు."

తెలుసు. అయినా ఎవరో ఒకరి మీద కోపం రావాలి కదా. ఆవిడ పక్కన కూర్చున్నారు.

"నీకు చిన్నప్పుడు ఆయాసం వస్తే ఏం చేసేవారు?"

"సాంబ్రాణి పొగ వేసేవారు. వేపాకు పొగ. మంచం దిగనిచ్చేవారు కాదు."

"దీనికి మొదటి రోజే సరైన మందు దొరికింది. ఇంట్లో పొగ లేదు. సిగ్గు లేదు. అదీ నువ్వూ ఒకటేనా?"

నేను ఇంటికి వెళ్లేసరికి నాన్న పాపని ఒళ్లో కూర్చోబెట్టుకుని, మందు గొట్టం మాస్కు దాని మొహానికి ఆనించి ఉన్నాడు. పాప పెనుగులాడుతోంది. "బండి స్టేషన్లోకొస్తన్నాది, తల్లీ. తొందరేటి? నెమ్మదిగా లాగు. ఇంకాస్త. సిగ్నలిచ్చినాడు చూడు," అంటున్నాడు. పాప ఏడుపు ఆపి, మాస్కులోంచి తాత కళ్లలోకి చూస్తూ ఊపిరి లాగింది. నాన్న ఆ రోజు చొక్కా మార్చుకోవడం మర్చిపోయాడు. ఆ తర్వాత పాపని ఎత్తుకోడానికని మళ్లీ ఎప్పుడూ మార్చుకోలేదు.

తర్వాతి రెండేళ్లూ చలికాలాల్లో పాపకి ఆయాసం వస్తూనే ఉంది. అయితే ఏడాదికేడాది తగ్గింది. ఎందుకు తగ్గిందని మేడాన్ని అడిగితే, పెరిగేకొద్దీ కొందరికి తగ్గుతాదనీ, మందు వల్ల కావచ్చనీ, గాలి వల్ల కావచ్చనీ చెప్పారు. తన వల్ల అని ఎప్పుడూ అనలేదు.

మాకు బదిలీ అయ్యే ముందు ఏడాది, బడి ఆటల పోటీలు కాలనీ మైదానంలో జరిగాయి. మేడం అప్పటికి రిటైరయ్యారు. అయినా మా పక్కన బెంచీ మీద వచ్చి కూర్చున్నారు. చిన్నపిల్లల పరుగుపందెంలో పాప పేరు నేను ఇవ్వలేదు. తనే ఇచ్చుకుంది. ఈల వేయగానే పరిగెత్తింది. సగం దూరం దాకా అందరితోనూ ఉంది. తర్వాత ఆగిపోయింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని వంగింది. మిగతా పిల్లలు దాటిపోయారు. ఎవరో నవ్వారు.

నేను లేచాను. మేడం నా చీర కొంగు పట్టుకున్నారు.

"వెళ్లకు."

"మేడం, దానికి..."

"దానికి తెలుసు ఏం చెయ్యాలో. చూడు."

నాన్న కూడా లేవబోయి, ఆవిణ్ని చూసి కూర్చున్నాడు. మైదానం మధ్యలో ఎర్ర గౌనులో నా కూతురు ఒక్కతే నిలబడి ఉంది. భుజాలు నెమ్మదిగా లేస్తున్నాయి, దిగుతున్నాయి. ఎవరి వైపూ చూడలేదు. దాక్కోడానికి చోటు వెతకలేదు. కాస్త ఆగి, నిటారుగా నిలబడి, మొహం మీద జుట్టు వెనక్కి తోసుకుని, మిగిలిన సగం దూరం పరిగెత్తడం మొదలుపెట్టింది.